“మీ ఇష్టం” అన్నాను, పన్నెండు సీట్ల వ్యాన్ కొనేశారు

ఉత్తరం రాసినావిడ డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఉంటారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారం మాత్రం ఇస్తున్నాను.

భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప. ఏప్రిల్ చివర్లో అత్తమామలు భీమవరం నుంచి వస్తున్నారు, అక్టోబర్ దాకా ఉంటారు. అత్తగారికి రెండేళ్ల కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మామగారికి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. “ఈసారి అమ్మానాన్నలకి అన్నీ తిప్పి చూపించాలి” అని భర్త ఒక సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొన్నారు. ఏదో హోటల్ వాళ్లు షటిల్‌గా తిప్పిన 2016 ఫోర్డ్ ట్రాన్సిట్, పన్నెండు సీట్లది, మధ్యరకం ఎత్తు రూఫ్. లక్షా పదివేల మైళ్లు తిరిగింది, ధర 19,500 డాలర్లు. కొనేముందు ఆవిడని అడిగారు. పాపకి జ్వరం వచ్చిన రాత్రి అది. ఆవిడ “మీ ఇష్టం” అన్నారు.

ఇప్పుడు గరాజ్ నిండా ప్లైవుడ్. రోజూ రాత్రి పదకొండు దాకా యూట్యూబ్. ముందు రెండు సీట్లు, వాటి వెనక ఒక్క వరుస ఉంచి మిగతావన్నీ పీకేస్తారట. వెనక మంచం, పక్కన చిన్న వంటిల్లు, కిటికీల పైన అల్మరాలు, రూఫ్ మీద సోలార్, మంచం కింద లిథియం బ్యాటరీలు. వైరింగ్ మరిది చేస్తాడు. బడ్జెట్ 9,000 డాలర్లు. జూలైలో గ్రాండ్ కాన్యన్, హోటల్ ఊసే ఉండకూడదట. మిగిలేది ఐదు సీట్లు, మనుషులు ఆరుగురు కదా అంటే, “పాప ఎలాగూ మంచం మీద నిద్రపోతుంది” అన్నారట.

ఆవిడ మాటల్లోనే కొంచెం: “ఆ వ్యాన్ అంటే నాకు పడదని కాదండీ. మొదటిరోజు నడిపి చూశాను. అంత ఎత్తులో కూర్చుంటే భలే ఉంది. కానీ అత్తయ్య అందులో ఎలా పడుకుంటారు, రాత్రి బాత్రూంకి ఎక్కడికి వెళ్తారు అంటే ‘నీకన్నీ అనుమానాలే’ అంటారు. అత్తయ్యని ఫోన్‌లో అడిగితే ‘మాకేం కావాలమ్మా, మీరెలా తీసుకెళ్తే అలా’ అంటున్నారు. ఇప్పుడు వద్దంటే ఆయన సరదా చెడగొట్టినదాన్ని అవుతాను, అత్తమామల్ని తిప్పనివ్వని కోడల్ని అవుతాను. ఏం చెప్పమంటారు?”

ముందు ఆ “మీ ఇష్టం” సంగతి చూద్దాం. మన ఇళ్లల్లో ఆ మాటకి కనీసం నాలుగు అర్థాలున్నాయి. నాకు నిజంగానే ఏదైనా ఒకటే అని ఒకటి. నాకిష్టం లేదు, ఆ మాట నా నోటితో అనిపించకండి అని ఒకటి. ఇప్పుడు ఓపిక లేదు, తర్వాత మాట్లాడదాం అని ఒకటి. రేపు ఏదైనా తేడా వస్తే నా పూచీ లేదు అని ఇంకొకటి. పాప జ్వరం గురించి రాశారు కాబట్టి మీరన్నది మూడోదని నా అనుమానం. మీ ఆయన మొదటి అర్థం తీసుకున్నారు. మగవాళ్లు ఎప్పుడూ మొదటిదే తీసుకుంటారు, దాంతో వాళ్లకి చాలా పనులు సులువుగా అయిపోతాయి. ఆయన సరిగ్గా అడగలేదని మీరు, మీరు అప్పుడే చెప్పలేదని ఆయన మనసులో పెట్టుకోకండి. ఆ లెక్క అక్కడికి చెల్లు.

అసలు జాగ్రత్తగా వినాల్సింది మీ అత్తగారి మాట. “మీరెలా తీసుకెళ్తే అలా” అనేది కూడా “మీ ఇష్టం” చదువుకున్న బడిలోనే చదువుకుంది. చాలా ఏళ్ల కిందట మా అమ్మ వచ్చినప్పుడు మాకూ ఒక పాత పెద్ద వ్యాన్ ఉండేది. శాన్ ఆంటోనియో బయల్దేరాం. దారిలో ఎక్కడ ఆపినా “నేను దిగనులే, మీరు వెళ్లి రండి” అనేది. కాళ్లు నొప్పులేమో అనుకున్నాం. సాయంత్రానికి తలనొప్పి, నీరసం, కళ్లు తిరగడం. అప్పుడు మా అమ్మాయి చెప్పింది, అమ్మమ్మ పొద్దున్నించి నీళ్ల బాటిల్ మూతే తియ్యలేదని. వ్యాన్ మెట్టు ఎత్తు. ఎక్కడం కష్టం. ఎక్కే పని పడకూడదంటే దిగకూడదు, దిగకూడదంటే నీళ్లు తాగకూడదు. ఆగస్టు నెల ఎండలో అంత లెక్క వేసుకుని కూర్చుంది, ఒక్క ముక్క పైకి అనలేదు. మర్నాడు వెడల్పాటి మడత స్టూలు ఒకటి కొన్నాం. తలుపు తియ్యగానే ముందు అది కింద పెట్టడం మా అబ్బాయి డ్యూటీ. అంతే, మా అమ్మ ప్రతి స్టాపులోనూ దిగింది, కాఫీ బాగాలేదని ప్రతి చోటా చెప్పింది.

కాబట్టి మీ వ్యాన్‌కి చెయ్యాల్సిన మొదటి మార్పు మంచం కాదు, మెట్టు. పక్క తలుపు కింద గట్టి సైడ్ స్టెప్, లోపల ఎక్కేవాళ్ల చేతికి అందే ఎత్తులో పట్టుకోవడానికి కడ్డీ. షటిల్‌గా తిరిగిన బండి కాబట్టి ఇందులో సగం ఇప్పటికే ఉండొచ్చు, చూడండి. అత్తగారు దిగిన వారంలోనే ఇంటి ముందు ఒకసారి ఎక్కించి దింపండి. ఎలా ఉందని అడగొద్దు, “బావుందమ్మా” అంటారు. ఏ చెయ్యి ఎక్కడ పెడుతున్నారో, ఏ కాలు ముందు వేస్తున్నారో గమనించండి.

ఇక యూట్యూబ్. మీ ఆయన చూస్తున్న వీడియోల్లో ఎక్కువ భాగం కార్గో వ్యాన్లవే అయి ఉంటాయి. వెనకంతా ఖాళీ రేకు డబ్బా. కిటికీలుండవు, సీట్లుండవు, ఏసీ గాలి ముందు సీట్లు దాటి రాదు. దాన్ని ఇల్లుగా మార్చుకునేది సాధారణంగా ఒక జంట, మహా అయితే ఒక కుక్క. మీ ఇంట్లో ఆరుగురు, అందులో ఒకరికి మోకాలు, ఒకరికి ఇన్సులిన్, ఇద్దరికి కార్ సీట్లు. మీ దగ్గరున్నది ప్యాసింజర్ వ్యాన్. చుట్టూ అద్దాలు, వెనక దాకా ఏసీ, ప్రతి సీటుకీ బెల్టు కంపెనీయే పెట్టి ఇచ్చింది. టెక్సస్ జూలైలో ఆ వెనక ఏసీ ఎంత అవసరమో మీకు చెప్పక్కర్లేదు. కార్గో వ్యాన్ కొన్నవాళ్లు వేలు పోసి సంపాదించుకునే వాటిని మీ ఆయన విప్పేసి, మళ్లీ మొదటినించి కట్టాలనుకుంటున్నారు.

పైన అల్మరాల విషయం ముఖ్యం. ఈ వ్యాన్‌లో కిటికీల పైన, సీలింగ్ అంచులో కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటాయి. పక్కనించి గుద్దినా, బండి దొర్లినా అవి పరదాలా కిందికి దిగాలి. అల్మరాలు బిగించేది సరిగ్గా అక్కడే. స్క్రూ ఆ బ్యాగులోకి దిగడం ఒక ప్రమాదం, బ్యాగు తెరుచుకుని అల్మరా తలుపుని పిల్లల మొహం మీదికి నెట్టడం ఇంకో ప్రమాదం. ఇది మీ అనుమానం కాదు. ఓనర్ మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, ఆయనకే చూపించండి.

మిగతా వాటిలో మీరు ఏం ఎంచుకున్నా సరే గానీ, పాప మంచం మీద పడుకుని ప్రయాణం చేసే విషయంలో నా దగ్గర ఆప్షన్లు లేవు. టెక్సస్‌లో ఎక్కడ కూర్చున్నా అందరికీ బెల్టు తప్పనిసరి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటకపోతే, చైల్డ్ సీటులోనే కూర్చోవాలి. అంటే పాపకే కాదు, బాబుకి కూడా. చట్టం సంగతి పక్కన పెట్టినా, 70 మైళ్ల స్పీడులో బ్రేకు వేస్తే మంచం మీద ఉన్న పాప ఆగదు. ఇంట్లో చేసిన బెంచీకి బెల్టు బిగించినా లాభం లేదు, కంపెనీ సీటుని పట్టి ఉంచేది దాని కింద నేలలో ఉన్న బిగింపులు. అందుకని ఆరుగురికి ఆరు కంపెనీ సీట్లు ఉండాల్సిందే. ఏ సీటు విప్పేముందైనా చైల్డ్ సీటు పై పట్టీ తగిలించే కొక్కేలు ఏ సీట్లకి ఉన్నాయో మాన్యువల్‌లో చూసుకోండి. అవే విప్పేస్తే తర్వాత ఏడవాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఆయన అనుకున్నట్టే క్యాంపర్, అంటే లోపలే పడుకునే బండి, చేస్తే? ముందు రెండు, తర్వాత ఒక్కోదానిలో మూడేసి సీట్లతో రెండు వరుసలు ఉంచాలి. అప్పుడు మంచానికి మిగిలేది చివరి వరుస జాగా. దానిమీద ఇద్దరు పడుకుంటారు, ఒళ్లు ముడుచుకుంటే పిల్లలిద్దరూ. మిగతావాళ్లు టెంటులోనా? గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ ఏడు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. జూలైలో కూడా తెల్లవారుజామున బాగా చలేస్తుంది. మోకాలి ఆపరేషన్ అయినావిడ నేల మీంచి లేవాలి. తొమ్మిది వేలు ఖర్చుపెట్టాక కూడా నలుగురికి పడక ఉండదు.

రెండో దారి, చివరి వరుస ఒక్కటే విప్పడం. బోల్టులు తీస్తే వచ్చేస్తుంది. బరువు బాగా ఉంటుంది, అన్నదమ్ములిద్దరూ పట్టాలి. ఆ బోల్టులు జిప్ సంచిలో వేసి సీటుకే టేపుతో అంటించండి, లేకపోతే ఏడాది తర్వాత గరాజ్ అంతా వెతకాలి. ఎనిమిది సీట్లు మిగులుతాయి, మీరు ఆరుగురు. వెనక జాగాలో సామాన్లకి కింద బిగించిన పెట్టె, బ్యాటరీతో నడిచే చిన్న ఫ్రిజ్, కిటికీలకి తగిలించి తీసే పరదాలు. రాత్రికి హోటలో, పార్కుల్లో దొరికే క్యాబినో. ఖర్చు రెండు వేల డాలర్ల లోపే ఉంచొచ్చు. మిగిలిన ఏడు వేలు లెక్కేయండి. గది 140 అనుకుంటే రాత్రికి రెండు గదులకి 280. ఇరవై అయిదు రాత్రులు. ఆరు నెలల్లో మీరు అన్ని రాత్రులు బయట ఉండనే ఉండరు. ఈ దారిలో నష్టం కూడా ఉంది, ఆయన కలలో ఉన్న వ్యాన్ ఇది కాదు. ఆ నిరాశ కొన్నాళ్లు ఉంటుంది.

అందుకే మూడోది కూడా చెబుతున్నాను. ఈ వేసవికి రెండో దారి, అక్టోబర్‌లో అత్తమామలు వెళ్లాక మంచం. అప్పటికి మీరు నలుగురే. నాలుగైదు ట్రిప్పులు తిరిగి ఉంటారు కాబట్టి ఏది కావాలో, ఏది వీడియోలో మాత్రమే బావుంటుందో ఆయనకే తెలుస్తుంది. అప్పటికి ఆయన ఉత్సాహం చల్లబడిపోవచ్చు కూడా. చల్లబడితే ఏడు వేలు మిగిలినట్టే.

అమ్మేయడం నాలుగోది. సీట్లన్నీ ఉన్న ప్యాసింజర్ వ్యాన్‌ని చర్చిల వాళ్లు, డేకేర్ వాళ్లు, షటిల్ వాళ్లు కొంటారు. సగం కట్టిన క్యాంపర్‌ని ఇంకో యూట్యూబ్ పిచ్చివాడే కొనాలి. అమ్మే ఆలోచన ఏమూలనైనా ఉంటే సీట్లు పారేయకుండా ఉంచండి. “భలే ఉంది” అని రాసినావిడ అమ్ముతుందని నాకైతే అనిపించలేదు.

కరెంటు సంగతి. మీ మరిది గారు తెలివైనవారే అయ్యుంటారు, కానీ లిథియం బ్యాటరీకి సరైన ఫ్యూజు లేకుండా, లావు తక్కువ తీగ వేస్తే నిప్పు మంచం కిందే పుడుతుంది. నిజంగా మీకు కావాల్సిందెంత? చిన్న రైస్ కుక్కర్ 400 వాట్లు తీసుకుంటుంది. అరగంట నడిస్తే 200 వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్ల పోర్టబుల్ పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే బ్యాటరీ పెట్టె) ఒకటి కొంటే ఒక పూట అన్నం వండి, ఫ్రిజ్ కూడా నడుపుకోవచ్చు. బ్యాటరీ, ఇన్వర్టర్, చార్జర్ అన్నీ ఒకే డబ్బాలో, వైరింగ్ పని లేదు. దారిలో బండి సాకెట్ నించి కొంత, రాత్రి హోటల్ గదిలో పూర్తిగా చార్జ్ అవుతుంది. మూసిన వ్యాన్‌లో ఎండలో వదిలేయకండి, ఇంటికొచ్చాక లోపలికి తెచ్చుకోండి. గ్యాస్ స్టవ్ మాత్రం వ్యాన్ లోపల వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఫ్రిజ్ మామగారి ఇన్సులిన్ కోసం కూడా కాబట్టి లోపల చిన్న థర్మామీటర్ పెట్టండి. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. ఆవకాయ సీసా మాత్రం ఫ్రిజ్‌లో కాదు, సీట్ల దగ్గర అసలే కాదు, మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బులో వెనక తలుపు పక్కన. మా వ్యాన్ కార్పెట్‌లోకి దిగిన నూనె ఆ వ్యాన్ అమ్మేదాకా పోలేదు. కొనడానికి వచ్చినాయన “ఏదో సాస్ వాసన” అన్నాడు.

వీటన్నిటికంటే ముందు మెకానిక్‌కి డబ్బు పెట్టండి. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. మీ కౌంటీలో పొగ పరీక్ష మిగిలింది గానీ, బ్రేకులూ టైర్లూ చూసేవాళ్లు ఇక లేరు, మీరే చూపించుకోవాలి. హోటల్ షటిల్ అంటే ఎయిర్‌పోర్టు ముందు ఇంజిన్ ఆన్‌లో పెట్టి గంటల తరబడి నిలబడి ఉంటుంది, అది మైళ్ల లెక్కలోకి రాదు. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో స్కానర్‌తో చూడమనండి. 2017లో ఫోర్డ్ కంపెనీ డ్రైవ్‌షాఫ్ట్‌లోని రబ్బరు కప్లింగ్ పగులుతోందని 2015-17 ట్రాన్సిట్‌లు నాలుగు లక్షలకు పైగా రీకాల్ చేసింది, అంటే బాగుచేయడానికి వెనక్కి పిలిచింది. మీ బండి అందులో ఉందా, పని చేయించారా అన్నది వీఐఎన్ నంబరు (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబరు) కొట్టి ఎన్‌హెచ్‌టీఎస్ఏ అనే ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. రూఫ్ మీద సామాను వద్దు. పెద్ద వ్యాన్లలో బరువు పైకీ వెనక్కీ వెళ్లేకొద్దీ దొర్లే ప్రమాదం పెరుగుతుంది. బరువైనవన్నీ నేల మీద, వెనక చక్రాలకి ముందు.

ఇన్సూరెన్స్ వాళ్లకి ఏం మార్చారో ఫోటోలతో సహా ముందే రాసి పంపండి. వ్యాన్‌ని ఇంటి ముందు పెట్టుకోవచ్చో లేదో హెచ్‌ఓఏ (మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ చదవండి, ఉత్తరం వాళ్ల దగ్గరినించి రాకముందే. గరాజ్‌లో ఎలాగూ పట్టదు. వ్యాన్ ఎనిమిది అడుగులు దాటిన ఎత్తు, ఆ కొలత కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. పార్కింగ్ గరాజ్ ముందు వేలాడే కడ్డీ చూశాక బ్రేకు వేస్తే లాభం లేదు.

ఇదంతా ఆయనకి ఎలా చెప్పాలన్నది మీ అసలు ప్రశ్న. చెప్పకండి. పెయింటర్స్ టేప్ తీసుకుని గరాజ్ నేల మీద వ్యాన్ లోపలి కొలత గీయండి. ఆరు సీట్ల జాగా వదిలి, మిగిలిన చోట మంచం గీయమని ఆయన్నే అడగండి. మీరు నలుగురూ అందులో పడుకోండి. పిల్లలకి అదో ఆట. అప్పుడు ఒకే ప్రశ్న, “రాత్రి రెండింటికి అత్తయ్య లేస్తే ఎవరి మీంచి దాటాలి?” అనుమానం అనడానికి అక్కడ వీలుండదు, కాళ్లు కనిపిస్తూ ఉంటాయి. ఆయన చేతులకి పని మాత్రం తియ్యకండి. కొన్న ప్లైవుడ్‌తో వెనక సామాన్ల పెట్టె, దానిమీద మడిచే బల్ల చెయ్యమనండి. నేలకి బోల్టు వేసి మరీ. ఆ సరదా నిజమైనది, అమ్మానాన్నల కోసం పుట్టింది, దాన్ని చిన్నబుచ్చకండి.

గ్రాండ్ కాన్యన్‌కి ముందు ఒక చిన్న ట్రిప్ వెయ్యండి. మే నెలలో పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడి బావుంటుంది. మీ దగ్గర్నించి నాలుగున్నర, ఐదు గంటలు, ఐ-45 హైవే మీద ఎన్నిస్‌లోనూ మాడిసన్‌విల్‌లోనూ బకీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు ఉంది, రెండుచోట్లా బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. అత్తగారు రెండుచోట్లా దిగారా, ఒక్కచోటే దిగారా చూడండి. జూలై ప్రయాణానికి అదే మీ కొలబద్ద. ఆమె దిగుతుంటే, మొదటిరోజు అమరిల్లో, రెండోరోజు ఆల్బకర్కీ, మూడోరోజు ఫ్లాగ్‌స్టాఫ్. ఏ రోజూ ఆరు గంటలకి మించి డ్రైవింగ్ ఉండదు. కాన్యన్ దగ్గర గదులు ఇప్పుడే బుక్ చేసుకోండి, జూన్‌లో చూస్తే దొరకవు.

అత్తమామలు వచ్చాక వాహన పూజ చేయిద్దామని రాశారు, ఫ్రిస్కోలోనే కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది కదా. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడానికి ఎలాగూ వంగుతారు. అప్పుడే టైరు పక్కన డీఓటీ అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. ఆరేళ్లు దాటినవి, రబ్బరు ఎంత బాగా కనిపించినా, మార్చమని ఫోర్డే చెబుతుంది. వ్యాన్ కింద వేలాడే స్టెప్నీని కూడా చూడండి, షటిల్ వాళ్లు దాన్ని ఎప్పుడూ ముట్టుకుని ఉండరు. పాప దానికీ నిమ్మకాయ పెట్టమంటుంది, ఐదు కొనండి.